రుచి నిర్ణయ కమిటీ

“ఈ నేలలో బంగారం అయిపోయిందని ఎవరన్నారప్పా? ఇంగ మీదట ఎర్ర బంగారం తీస్తాం. కోలారు వైన్‌ను ఇటలీవాళ్లు లైను కట్టి కొనాల!” అని మంత్రి రామాంజినప్పగారు, కర్ణాటకలో బంగారు గనులు మూతబడ్డ కేజీఎఫ్‌లో జరిగిన సభలో ప్రకటించారు. ప్రజలు పులకించారు.

పని ఎక్కడ మొదలుపెట్టాలో కూడా మంత్రిగారికి తెలుసు. ఇటలీని ఓడించాలంటే ముందు ఇటలీని రుచి చూడాలి. వెంటనే రుచి నిర్ణయ కమిటీ వేశారు. ఆవని గ్రామం రైతూ, పార్టీ తాలూకా అధ్యక్షుడూ అయిన వెంకటరామప్పకు అందులో చోటిచ్చారు. జన్మలో చుక్క ముట్టనివాడు కాబట్టి ఏ సీసా మీదా పక్షపాతం ఉండదన్నారు. కమిటీలో రాణిస్తే వైన్ బోర్డు చైర్మన్ పదవి ఉందని చెవిలో వేశారు. ఏళ్ల తరబడి జెండాలు మోస్తున్న మనిషికి ఇక నిద్ర పట్టలేదు.

భార్య సౌభాగ్యకు మాత్రం సంగతి అంతుపట్టలేదు.

“తాగేదానికి కమిటీ ఏందిప్పా? మా అన్న ఏ కమిటీ లేకుండానే తాగతా ఉండాడు కదా!”

“అది తాగేది. ఇది టేస్టింగ్,” అన్నాడు వెంకటరామప్ప గంభీరంగా.

దొరల కాలం నాటి క్లబ్బులో బల్ల మీద తెల్లగుడ్డ పరిచారు. బెంగళూరు నుంచి వచ్చిన వైన్ నిపుణురాలు అర్పిత ఒక్కొక్కరి ముందు రెండేసి గ్లాసులు పెట్టింది. ఒకటి ఇటలీలోని పీడ్‌మాంట్ కొండల్లో పండే నెబ్బియోలో ద్రాక్షది, ఇంకొకటి మన దేశానిది. ఏది ఏదో చెప్పనంది.

“గ్లాసు తిప్పండి, వాసన చూడండి, గుక్కెడు నోట్లో ఆడించి ఈ గిన్నెలో ఉమ్మేయండి.”

మంత్రిగారు ఇప్పించినదాన్ని ఉమ్మేదెట్లా? ఆయన మింగారు. కమిటీ మొత్తం క్రమశిక్షణతో మింగింది.

వెంకటరామప్ప ఎడమ గ్లాసు ఎత్తాడు. పల్చటి ఇటుక రంగు. నోట్లో పడగానే పచ్చి నేరేడుకాయ కొరికినట్టు వగరుకు చిగుళ్లు బిగుసుకున్నాయి. మొహం చిట్లించబోయాడు. ఇంతలో ఎక్కడినుంచో గులాబీ వాసన. దాని వెనకే ఇంకోటి. మింగి చాలాసేపయినా రుచి పోలేదు. ఈ వయసులో తనకు తెలియని రుచి ఒకటి మిగిలి ఉందా అని ఆశ్చర్యపోయాడు.

“ఏం తెలిసిందప్పా?” అన్నారు మంత్రిగారు.

“గులాబీ ఉండాది సార్. తారు వాసన గూడా ఉండాది.”

“తారా?”

“రోడ్డేసేటప్పుడు వస్తాదే, అది సార్. మా తాలూకాలో ఆ వాసన చూసి శానా ఏండ్లయింది.”

కమిటీలోనే ఉన్న రోడ్ల ఇంజనీరు మోహన్‌కుమార్‌కు పొలమారింది. అర్పిత మాత్రం, రెండు వాసనలూ సరిగ్గా పట్టిన వెంకటరామప్పను గౌరవంగా చూసింది.

మంత్రిగారు కుడి గ్లాసు గడగడా ఖాళీ చేశారు. “తారు ఎవడన్నా తాగతాడా? ఇదప్పా ఇటలీ అంటే! మెత్తగా, తియ్యగా!”

కుడి గ్లాసే ఇటలీ అని కమిటీ ఏకగ్రీవంగా తీర్మానించింది. వెంకటరామప్పకు చైర్మన్ కుర్చీ కళ్ల ముందు కదిలింది. “కుడిదే సార్,” అన్నాడు, ఎడమ గ్లాసు వదలకుండానే.

“సర్, కుడిది మన రాష్ట్రంలో చేసింది. ఇటలీది ఎడమ గ్లాసు,” అంది అర్పిత.

అందరూ మంత్రిగారి వైపు చూశారు. ఆయన రెప్ప కూడా వెయ్యలేదు.

“చూసినారా! కోలారు ఇటలీని ఓడించేసింది! స్కీము సక్సెస్!”

“సర్, అది ఎక్కడో ఉత్తరాన ఉన్న విజయపుర జిల్లా ద్రాక్ష, కోలారుది కాదు. మన స్కీము తోటలో ఇంకా ఒక్క తీగ కూడా నాటలేదు.”

మంత్రిగారు ఆమెను జాలిగా చూశారు.

“నాటకముందే ఇంత రుచిగా ఉండాదంటే, నాటినాక ఎట్లుంటాదో ఆలోచించమ్మా!”

చప్పట్లు కొట్టాలంటే రెండు చేతులూ కావాలి. వెంకటరామప్ప గ్లాసులో మిగిలిన గుక్క వైపు ఒకసారి చూశాడు. గ్లాసు బల్ల మీద పెట్టి, అందరికంటే ముందు కొట్టాడు.