నల్లమ్మ పలకలేదు

రాయదుర్గం బస్సులో కిటికీ పక్కన సీటు దొరకగానే హేమలత టీచర్ ఆ ఉదయం ఒక నిర్ణయానికి వచ్చింది. ఒకటో తరగతిలో కొత్తగా చేరిన నల్లమ్మ చేత ఇవాళ ఎలాగైనా 'ప్రెజెంట్ మేడం' అనిపించాలి. అంతకన్నా పెద్ద కోరికలేవీ ఆమెకు లేవు. గుమ్మఘట్ట దాటాక వచ్చే ఆ ఊరి బడికి ఆమె ఒక్కతే టీచర్. పిల్లలంతా పైకప్పు ఎగిరిపోయేలా హాజరు పలుకుతారు, ఈ పిల్ల తప్ప. వానల్లేక అమ్మానాన్నలు గొర్రెలను తోలుకుని కర్ణాటక వైపు పోతే వాళ్ల వెంట తిరిగి తిరిగి బడికి ఆలస్యంగా వచ్చింది కదా, బెదురు పోనీలే అని ఇన్నాళ్లూ ఊరుకుంది.

"నల్లమ్మా," అని బడిలో హాజరు పట్టీ తెరిచి పిలిచింది హేమలత, గొంతులో వీలైనంత బెల్లం కలిపి.

నల్లమ్మ పలకలేదు. రెండోసారి గట్టిగా పిలిస్తే టీచర్ వంక ఎంతో జాలిగా చూసి, మళ్లీ బోర్డు వైపు తిరిగింది.

"పలకడంల్యా మేడం," అని పిల్లలు సంతోషంగా సమాచారం అందించారు.

పిల్లకు చెవులు వినపడవేమోనని హేమలతకు అనుమానం వచ్చింది. చెవుడున్న పిల్లలను గుర్తు పట్టడమెలాగో పోయిన నెలలోనే అనంతపురంలో ట్రైనింగ్ ఇచ్చారు. ట్రైనింగులో నేర్చుకున్నది వాడుకునే అదృష్టం టీచర్లకు అంత తొందరగా పట్టదు. ఆమె చప్పుడు కాకుండా వెనక్కి వెళ్లి, నల్లమ్మ తల వెనక గట్టిగా చప్పట్లు కొట్టింది. క్లాసంతా ఉలిక్కిపడి తిరిగింది. నల్లమ్మ కదల్లేదు. "బడిలో తల అట్లిట్ల తిప్పినావంటే చూడు" అని వాళ్లమ్మ ఆంజినమ్మ గట్టిగా చెప్పి పంపిందని హేమలతకు తెలిసే దారి లేదు.

బడి వదలగానే వాళ్లింటికి వెళ్లింది. ఆంజినమ్మ వేరుశనగ చేలో చెనిక్కాయలు పీకే కూలికి పోయింది. నల్లమ్మ నాయన లింగప్ప ఒక్కడే ఉన్నాడు.

"లింగప్పన్నా, భయపడొద్దు. పాపకు చెవులు సరిగ్గా ఇనపడ్డంల్యా అనిపిస్తాంది."

లింగప్ప భయపడలేదు సరికదా, ముఖం వెలిగిపోయింది. "మాయమ్మకూ అంతే మేడం. కడాకు ఉరుమురిమినా ఇనపడేది కాదు. ఆయమ్మే మళ్లా పుట్టిందని మేం మొదట్నుంచీ అనుకుంటానే ఉండాం." ఆ తర్వాత అసలు సంగతి బుర్రకెక్కి గొంతు తగ్గించాడు. "ఇప్పుడేం జెయ్యల్ల మేడం?"

"గట్టిగా మాట్లాడండి. ఎదురుగా నిలబడి, చేతులతో చూపిస్తా చెప్పండి."

మేడం మాటంటే లింగప్పకు గురి. గుట్ట అవతలి గొర్రెలను ఇవతలి నుంచి పిలిచే గొంతు అతనిది. "అమ్మా, సంగటి తిందువు రా" అని కూతుర్ని పిలిస్తే, కొట్లాట ఎక్కడో అని వీధి వీధంతా పరిగెత్తుకొచ్చింది. విషయం తెలిశాక వీధి కూడా తన వంతు సాయం చేసింది. ఎదురుపడిన ప్రతివాళ్లూ పిల్ల ముందు నిలబడి, చేతులూపుతూ అరిచారు.

మర్నాడు హేమలత కూడా అరిచింది. "నీళ్లు తాగినావా?"

నల్లమ్మ బొటనవేలు నోటి దగ్గర పెట్టుకుని తల అడ్డంగా ఊపింది. ఎంత బతిమాలినా నోరు విప్పలేదు. మొన్నటిదాకా ఆటల్లో కేకలు పెట్టిన పిల్లకు మాట కూడా పడిపోయిందని హేమలత కళ్లు చెమర్చాయి. ఇంక ఆలస్యం చేయకూడదని ఎవరెవరికో ఫోన్లు చేసింది. గుమ్మఘట్టలో చెవుల క్యాంపు ఉందని తెలిసింది. డాక్టరు ఖాయం చేస్తే అనంతపురంలో ప్రత్యేకమైన బడి, హాస్టల్లో సీటు.

హాస్టల్ మాట విని ఆంజినమ్మ కూలి మానుకుని బడికి వచ్చింది. "ఆరేండ్ల బిడ్డ మేడం. నా పక్కన పడుకోకుంటే నిద్ర పోదు. ఆడ ఎట్లుంటాది?"

పిల్లకు మంచి చేస్తున్నానో, తల్లీబిడ్డలను విడదీస్తున్నానో హేమలతకే అర్థం కాలేదు. ఆంజినమ్మ మాత్రం మేడం చెప్పింది కాబట్టి మంచికే అయ్యుంటుందని, ఏడ్చుకుంటూనే హాస్టలుకని రేకుపెట్టె కొన్నది.

క్యాంపులో డాక్టర్ శ్రీనివాసులు పిల్ల చెవులకు మిషన్ తగిలించి, శబ్దం వస్తే వేలెత్తమని మామూలుగా చెప్పాడు. నల్లమ్మ ఒక్కటి కూడా వదలకుండా ఎత్తింది.

"ఈ పాపకు చెవులు నాకన్నా బాగుండాయి మేడం."

"అట్లెట్లా సార్? మీరే చూడండి," అని హేమలత పిల్ల వైపు తిరిగింది. "నల్లమ్మా."

నల్లమ్మ పలకలేదు. డాక్టరు మిషన్ వైర్లు తడిమి చూశాడు. హేమలత ఇంకోసారి, ఈసారి ఒంట్లో ఉన్న శక్తంతా పెట్టి పిలిచింది. చెవుల మిషన్ కోసం వచ్చిన ముసలివాళ్లంతా తిరిగి చూశారు గానీ నల్లమ్మ చూడలేదు.

గుమ్మం దగ్గర రేకుపెట్టె పక్కన కూర్చున్న ఆంజినమ్మకు ఇది చూడబుద్ధి కాలేదు. "అత్తా, ఇట్ల రామ్మా," అంది, పక్కవాళ్లకు కూడా వినపడనంత మెల్లగా.

నల్లమ్మ కుర్చీ దిగి పరిగెత్తుకెళ్లి తల్లి ఒళ్లో పడింది.

"అత్తేందమ్మా?" అన్నాడు డాక్టరు.

"సచ్చిపోయిన మా అత్త పేరు పెట్టినాం సార్. అత్తను యా కోడలైనా పేరు పెట్టి పిలుస్తాదా? మాయప్ప అమ్మా అంటాడు," అంటూ పక్కనున్న లింగప్పను చూపించింది. "మా మామ పెండ్లాం పేరని ఇదో అంటాడు."

"మరి నల్లమ్మా అని ఎవరు పిలుస్తారు?"

మొగుడూ పెళ్లాం ముఖాలు చూసుకున్నారు. "ఎవురూ పిలవరు సార్," అన్నాడు లింగప్ప. "బళ్లో రాయించేకి పెట్టినాం."

హేమలత పిల్ల ముందు గొంతుక్కూర్చుంది. "నేను రోజూ నల్లమ్మా అంటాంటే ఏమనుకున్నావే?"

నల్లమ్మ చేతులు లేపబోయి, తల్లి వంక చూసి, నోటితోనే చెప్పింది. "మా అవ్వను పిలుస్తాండావనుకుంటి. ఆయమ్మ సచ్చిపోయె గదా మేడం. చెప్తే నువ్వు ఏడుస్తావని చెప్పలేదు."

"చేతులతో ఎందుకు మాట్లాడినావు?"

"మీకెవురికీ ఇనపడ్డంల్యా గదా. మా తాత కూడా ఇనపడకనే అట్ల అరుస్తాడు."

హేమలతకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఇన్నాళ్లూ తన మీద జాలిపడుతూ వచ్చిన ఆ పిల్లను దగ్గరికి తీసుకుని ఏదో చెప్పబోయింది. అరిచి అరిచి అలిసిన గొంతులోంచి గాలి తప్ప మాట రాలేదు. డాక్టరు టార్చి వేసి ఆమె గొంతులోకి చూసి, మందులు రాసి, వారం దాకా మాట్లాడొద్దన్నాడు. ఆంజినమ్మ సర్దిన పెట్టెను అట్లే నెత్తికెత్తుకుని, కూతురి చెయ్యి పట్టుకుని, దారంతా నవ్వుతూనే నడిచింది.

ఆ వారం హాజరు పిలిచే పని నల్లమ్మకే పడింది. చదవడం ఇంకా రాదు కాబట్టి ఒక్కొక్కరినీ ఇంట్లో ఏమని పిలుస్తారో అడిగి ఆ పేరుతోనే పిలిచింది. ముగ్గురు అవ్వలు, ఇద్దరు తాతలు, ఒక పెద్దనాయన వరసగా పలికారు. ఆ లెక్కన ఒకటో తరగతిలో అందరికన్నా చిన్నది హేమలతేనని తేలింది.