పడవకి రేడియో కొనకండి, ఎంచుతూనే ఉండండి!

ఒక్క వస్తువుని వంద రకాలుగా తయారుచేసి అమ్మాలని మొదట అనుకున్నవాడెవడో గానీ, వాడి కడుపు చల్లగా ఉండాలి!

మీరంతా ఏం చేస్తారు? షాపుకెళ్తారు, ఏది కొనాలో తేలక తల పట్టుకుంటారు, "ఇన్ని మోడల్స్ ఎందుకు చేసి చస్తారో" అని కంపెనీలని తిట్టుకుంటూ ఉత్త చేతులతో ఇంటికొస్తారు. తప్పండీ. చాలా తప్పు. ఆ తికమకే లేకపోతే నాలాంటి తల్లుల గతేం కావాలి?

మా సంగతే చూడండి. మా ఆయన ఒక పడవ కొన్నారు. సెకండ్ హ్యాండ్‌ది. చేపలు పట్టడానికి కాదు, సరుకు మొయ్యడానికీ కాదు. ఆదివారం పూట సరదాగా సముద్రం మీద ఒక చుట్టు తిరిగి రావడానికట. నడపడం నేర్చుకున్నారు, సర్టిఫికెట్ కూడా తెచ్చుకున్నారు. దానికి స్వయంగా నీలం రంగు వేశారు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఇంటి గోడకి ఒక్కసారి బ్రష్ ఆనించని మనిషి! ఇంట్లో అందరూ దాన్ని పడవ అంటారు. నేను మనసులో సవతి అంటాను.

ఆయన ఒక్కరే తిరిగొస్తే నాకేం అభ్యంతరం? కానీ మా పిడుగుని కూడా ఎక్కిస్తారట. పిడుగంటే మా అమ్మాయే. ఇంకా బడి మొహం సరిగ్గా చూడలేదు. అది బాత్రూంలో బకెట్ వైపు నడిస్తేనే నేను వెనకాల పరిగెడతాను. అలాంటి పిల్లని అన్ని నీళ్ళ మీదికా?

"లైఫ్ జాకెట్ వేస్తాంగా," అన్నారు.

"వేస్తారు, సరే. నడిమధ్యలో ఇంజిన్ ఆగిపోతే ఎవర్ని పిలుస్తారు?"

"ఫోన్ ఉందిగా."

"వంటింట్లోకొస్తేనే సిగ్నల్ పోతుంది మీ ఫోన్‌కి. అక్కడ చేపలేమన్నా టవర్ కట్టాయా?"

అలా మా ఇంట్లోకి రేడియో మాట వచ్చింది. పాటలొచ్చే రేడియో అనుకునేరు! చేత్తో పట్టుకునే వాకీటాకీ లాంటిది. ఆపదొస్తే అందులో కేకేస్తే దగ్గర్లో ఉన్న పడవలవాళ్ళకీ, తీరంలో కాపలా ఉండేవాళ్ళకీ వినిపిస్తుంది. "సరేలేవోయ్, రేడియో కొన్నాకే పాపని ఎక్కిస్తాను," అని మా ఆయన మాటిచ్చారు.

ఆ మాటతో నా ప్రాణం కుదుటపడింది. ఎందుకంటే చీపురు కొనాలన్నా రివ్యూలు చదివే మనిషాయన!

ఇక చూడండి నా అదృష్టం. నీళ్ళలో పడితే తేలే రేడియో ఒకటి, మునిగేది ఒకటి. తేలడమే కాక, తేలుతూ లైటు కూడా వెలిగించేది ఇంకొకటి. ఎర్ర బటన్ నొక్కితే మనమెక్కడున్నామో తనంతట తనే చెప్పేది మరొకటి. చార్జింగ్ అయిపోతే మామూలు సెల్స్ వేసుకునేది వేరే. అయిదు వాట్లది, ఆరు వాట్లది. ఆ ఒక్క వాట్ దగ్గర మా ఆయన ఎంతకాలం ఆగిపోయారంటే, ఆలోపు మా పిడుగు చెప్పుల సైజు మారిపోయింది!

పొద్దున లేస్తే వీడియోలు. ఎవరో గడ్డమాయన రేడియోని బకెట్లో వేస్తాడు, తీస్తాడు, మళ్ళీ వేస్తాడు. మా ఆయన దాన్ని కన్నార్పకుండా చూస్తారు. షాపతను మొదట్లో ఈయన కనపడగానే కుర్చీ వేసేవాడు. తర్వాత్తర్వాత షట్టర్ సగం దించేవాడు.

మా అత్తయ్య ఊరుకుంటుందా? "ఏమిట్రా ఈ వెతుకులాట! నీకు సంబంధం చూసినప్పుడు ఒక్క పూటలో తేల్చేశాం కదరా," అంది.

"అందుకే ఈసారి జాగ్రత్త పడుతున్నారు అత్తయ్యా," అన్నాను నేను.

నా వంతు సాయం నేనూ చేశాను లెండి. ఆయన ఏదైనా ఒక మోడల్ దగ్గర ఆగి "ఇది బావుందోయ్" అన్నారంటే నాకు గుండె దడ. వెంటనే కాఫీ తీసుకెళ్ళి పక్కన పెట్టి, ఏమీ ఎరగనిదానిలా అడిగేదాన్ని. "ఏమండీ, చలికి చేతులు కొంకర్లు పోతే ఆ చిన్న బటన్లు నొక్కుడు పడతాయంటారా?"

అంతే! మళ్ళీ మొదటికి. చదువు మధ్యలో ఆగిపోయినదాన్ని కదా, నా ప్రశ్న వెనక ఏదో ఎత్తు ఉందని ఎవరికీ అనుమానం రాదు. సగం చదువుకి ఇంత లాభం ఉందని ముందే తెలిస్తే ఆనాడు అంత ఏడ్చేదాన్ని కాదు.

పైగా కంపెనీవాళ్ళు ఎంత దయగలవాళ్ళో! మా ఆయన మనసు ఒకదాని మీద కుదిరే సమయానికి సరిగ్గా ఇంకోటి విడుదల చేస్తారు. "కొత్తది వస్తోందట, కాస్త ఆగుదాం" అన్న వాక్యం కంటే తియ్యని మాట నేను పుట్టి బుద్ధెరిగాక వినలేదు. పడవ తాడుతో కట్టేసి ఉండేది. మా పిడుగు అందులో కూర్చుని, ఒడ్డునే ఉండి, లోకమంతా తిరిగొచ్చేది. ఏ తల్లికి కావాలండీ ఇంతకంటే?

కానీ ఎంత గట్టి మనిషైనా ఎప్పుడో ఒకప్పుడు జారిపోతాడు. ఒకరోజు మా ఆయన కొనేశారు.

నిజం చెప్పాలంటే దాన్ని చూశాక నేనూ మెత్తబడ్డాను. తేలుతుంది, వెలుగుతుంది, ఎర్ర బటన్ ఉంది. ఆపదలో ఏ ఛానల్లో పిలవాలో, ఏమని పిలవాలో ఆయన చెబితే నేనూ నేర్చుకున్నాను. పిడుగైతే స్విచ్ వెయ్యని రేడియో పట్టుకుని "హలో చేపా, హలో చేపా, ఓవర్!" అంటూ ఇల్లంతా తిరిగింది. నేనే దానికి లైఫ్ జాకెట్ బకిల్స్ పెట్టి, లాగి చూసి, మళ్ళీ లాగి చూసి, ఆదివారం పొద్దున ఒడ్డుకి తీసుకెళ్ళాను.

పిడుగు పడవెక్కింది. ఆయన తాడు విప్పుతున్నారు.

"రేడియో ఏదండీ?" అన్నాను.

"ఇంట్లో ఉంది."

"ఇంట్లోనా!"

"బీరువాలో పెట్టానే. భద్రంగా ఉంది, కంగారు పడకు."

"బీరువాలో ఏం చేస్తుందండీ అది?"

"మరి? ఉప్పునీళ్ళు తగిలితే పాడైపోదూ? అంత పెట్టి కొన్నది!"

నవ్వకండి. మీ ఇంట్లో టీవీ రిమోట్‌కి పాలిథిన్ కవర్ లేదా? సోఫాకి కవరూ, ఆ కవర్ మాయకుండా దాని మీద దుప్పటీ లేవా? మంచి కప్పులు అద్దాల బీరువాలో పెట్టి, మీరు చెవి విరిగిన కప్పులో తాగడం లేదా? మా ఆయనా మీవాడే. నీళ్ళలో పడెయ్యడానికే పుట్టిన రేడియోకి ప్లాస్టిక్ కవర్ తొడిగి, రబ్బర్ బ్యాండ్ వేసి, బట్టల మధ్య పెట్టి తాళం వేశారు. దాని తెర మీద అంటించి ఉన్న పల్చటి కాగితం కూడా పీకలేదు.

నేను గొడవ చెయ్యలేదు. ఒడ్డున నిలబడే చేతులు చాచి పిడుగుని ఎత్తుకున్నాను.

"అదేంటి, దింపేస్తున్నావ్?"

"మీరేగా అన్నారు, విలువైనది తడవకూడదని."

ఆయన సగం విప్పిన తాడుని మళ్ళీ ముడెయ్యడం మొదలుపెట్టారు.

"దానికైతే వారంటీ అన్నా ఉంది," అన్నాను. "దీనికి అదీ లేదు."

కాబట్టి కంపెనీ పెద్దలకి నా విన్నపం. అయ్యా, ఇన్ని రకాలు చేశారు, పుణ్యం ఉంటుంది, ఇంకొక్కటి చెయ్యండి. చూడగానే మొహం తిప్పుకునేంత వికారంగా ఉండాలి. పెట్టెలోంచి తీసేటప్పటికే నాలుగు గీతలు పడి ఉండాలి. పిలిస్తే పలకాలి, అంతే చాలు. తడిస్తే ఎవరి మనసూ చివుక్కుమనకూడదు. అలాంటిదైతే మా ఆయన ఏ దిగులూ లేకుండా పడవలో పడేసుకుంటారు, మా పిడుగూ ఎక్కుతుంది.

అందాకా ఆ రెండూ ఒడ్డునే ఉంటాయి. ఒకటి ఆయన బీరువాలో, ఒకటి నా చంకలో.