ఉగోయె గేటు మీది పోస్టర్

వీధివీధినా సినిమాలు తీసే అసాబా ఊళ్లో ఆ శనివారం ఉదయం ఉగోయెకు ఉన్న ధ్యాస ఒక్కటే. కూతురు చినెలోను అడగడానికి పెళ్లివారు పదింటికి వస్తారు. ఆలోగా అన్నం వార్చాలి, మేకమాంసం పులుసు దించాలి. మూడుసార్లు వాయిదా వేసినవాళ్లు. ఈసారి తిరిగిపోతే మళ్లీ రారని ఆమె బెంగ. పిల్లేమో జడలు అల్లించుకోవడానికి పోయింది.

ఈ హడావిడిలో సినిమా సంగతే మరిచిపోయింది. ఆ వీధిలో సినిమాలో కనిపించనిది ఉగోయె ఒక్కతే. డైరెక్టర్ ఒడెరా వెంట ఏడాది తిరిగితే, చివరికి చచ్చిపోయిన తల్లి వేషం ఇచ్చాడు. అంటే మనిషి అక్కర్లేదు, ఫోటో చాలు. పనిలో పనిగా ఆమె నీలం గేటు కూడా షూటింగ్‌కి అడిగాడు.

షూటింగ్ సోమవారం. జిగురు బాగా ఆరాలని అతని మనుషులు శనివారం పొద్దున్నే చావు పోస్టర్ అంటించి పోయారు. అక్కడ ఎవరు పోయినా గేటు మీద అలాంటి పోస్టరే పడుతుంది. పేరు కథలోదే, ఉగోయెది కాదు. కానీ తలగుడ్డ చుట్టుకుని నవ్వుతున్న ఆ ముఖం చూశాక కింద పేరెవరు చదువుతారు? ఎవరో ఫోటో తీసి ఫోన్లో వీధంతటికీ పంపారు. గంటలో చర్చి ఆడవాళ్లంతా నల్లబట్టలతో గేటు ముందు చేరారు. పెరట్లో పొయ్యి ఊదుకుంటున్న ఉగోయెకు ఇదేమీ తెలియదు.

అప్పుడే పెళ్లివారు దిగారు. పెళ్లికొడుకు తల్లి ఎకెమ్మా పోస్టర్ చూసి ఎర్రమట్టిలో చతికిలబడింది.

"అయ్యో వదినా! నీ చేతి కూడు తినకుండానే పోయావా! చావింట్లో పెళ్లిమాటలేంటి, పదండి, ఇంక ఏడాది ఆగాల్సిందే!"

ఆ కేకలకు ఉగోయె గరిటెతోనే పరుగెత్తుకొచ్చింది. "ఎవరే పోయింది?"

ఆమెను చూసి చర్చి ఆడవాళ్లు చెప్పులు వదిలేసి లగెత్తారు. ఎకెమ్మా మాత్రం లేవలేకపోయింది.

"దగ్గరికి రాకు వదినా!"

"నేను బతికే ఉన్నా! అది సినిమా పోస్టరు తల్లీ! ఇదిగో, ఈ పులుసు రుచి చూడు!"

ఎకెమ్మా కళ్లు మూసుకుని గరిటె నాకింది. ఒక కన్ను తెరిచింది. "ఉప్పు తక్కువైంది. బతికున్న మనిషి వంటే."

జనం మూగారని విని ఒడెరా కెమెరాతో వచ్చి అప్పటికే అంతా తీస్తున్నాడు. తిన్నగా ఎకెమ్మా కాళ్ల దగ్గర కూలబడ్డాడు. "అమ్మా, సోమవారం వచ్చి ఇలాగే ఏడుస్తారా? మాటలు కూడా ఇస్తాను!"

"ఎటు తిరిగి ఏడవమంటావు నాయనా?" అని ఆమె కళ్లు తుడుచుకుని, తలగుడ్డ సర్దుకుంది. ఆనక ఉగోయెతో, "సోమవారం ఎలాగూ వస్తాం కదా వదినా, పిల్లను ఖాయం చేసుకునే కల్లుకుండలు ఆ రోజే తెచ్చేస్తాం" అంది.

సినిమాలో ఎకెమ్మా పావుగంట ఏడ్చింది. ఉగోయె గేటు మీద కదలకుండా చాలా సహజంగా నటించిందని ఊరంతా మెచ్చుకుంది.