చిట్లని ఆవాలు

ఆ ఆదివారం పొద్దున మునిచంద్ర పెట్టుకున్న పని ఒక్కటే, కొత్త ట్యాబ్ విప్పడం. అది చెడిపోలేదు. రేపు చెడిపోతే బాగుచేసుకోవడానికి వీలుందో లేదో చూసి, పదికి ఇన్ని మార్కులని వేద్దామని అతని ఆశ. ఇంట్లోకి ఏ వస్తువొచ్చినా దాని పొట్ట విప్పి చూస్తేగానీ మునిచంద్రకు అన్నం సయించదు. చిక్కల్లా ట్యాబ్ అతనిది కాదు, భార్య కోమలిది. తిరుపతిలో ఇంట్లోనే మగ్గం వర్కు నేర్పే కోమలి, ఆ సాయంత్రం నాలుగింటికి మొట్టమొదటి ఆన్‌లైన్ క్లాసు చెప్పాలి. రేణిగుంట నుంచీ సత్యవేడు నుంచీ కూడా ఆడపిల్లలు చేరారు.

"మొదటి క్లాసే తప్పితే మళ్ళా ఎవరూ రారు. ఈపొద్దు దాన్ని ముట్టుకోవద్దండి," అంది కోమలి.

"మధ్యాన్నానికంతా బిగించేస్తా కదా! నువ్వు పోయి పూసలు తెచ్చుకో," అన్నాడు మునిచంద్ర.

ఆమె బజారుకు వెళ్ళగానే వేడినీళ్ళ సంచి మీద ట్యాబ్ పెట్టి, జిగురు మెత్తబడ్డాక వెనక మూత ఊడదీశాడు. లోపలి మరలు ఆవగింజలంత ఉన్నాయి, నల్లగా, ఒక్కోచోటివి ఒక్కో పొడవు. కలిసిపోతే కొంప మునిగినట్టే. అందుకని అటక మీది పాత పోపుల డబ్బా దించి, గిన్నెకో రకం సర్దాడు. తన తెలివికి తానే మురిసిపోయి, భార్య రాగానే చూపిద్దామని డబ్బాను వంటింటి గట్టు మీద పెట్టాడు. అంతలో ఫోను మోగితే మాట్లాడుతూ మేడెక్కాడు.

సరిగ్గా అప్పుడే అతని తల్లి తిరుమలమ్మ పప్పుకు పోపు వేయడానికి వచ్చింది. కళ్ళజోడు లేదు. చేతికందిన డబ్బా తెరిచి, చిటికెడు తీసి కాగిన నూనెలో వేసింది. చిటపట లేదు. ఇంకో చిటికెడు వేసింది. నూనె పొగలు కక్కింది గానీ ఆవాలు ఉలకలేదు, పలకలేదు.

"ఆ గోవిందస్వామి కల్తీ సరుకు అంటగట్టినాడే!" అని మండిపడి, గిన్నెల్లోవన్నీ పొట్లం కట్టుకుని వీధి చివరి అంగడికి బయలుదేరింది.

గోవిందస్వామి ఏ మాటన్నా పడతాడు గానీ కల్తీ అంటే పడడు. "నీకిచ్చినేది ఈ మూటలోవే కదమ్మా! రెండూ ఒకటే సరుకు, సూడు!" అంటూ పొట్లంలోవి మూటలో గుమ్మరించి, చెయ్యి పెట్టి బాగా కలిపి, గుప్పెడు తీసి చూపించాడు. చివరికి ఆమె నోటికి భయపడి కొత్త పొట్లం ఊరికే ఇచ్చి పంపాడు.

గెలిచి వచ్చిన తల్లి చెప్పింది విని మునిచంద్ర వంటింట్లోకి పరుగెత్తి, నూనెలో పడ్డ మరల్ని గరిటెతో ఏరుకున్నాడు. అప్పుడే ఇల్లు చేరిన కోమలి, సంగతంతా విని, సూదులు ఏరుకునే అయస్కాంతం అతని చేతిలో పెట్టింది.

అంగట్లో మూట ముందు గొంతుక్కూర్చుని అయస్కాంతంతో కెలకసాగాడు. వచ్చిపోయేవాళ్ళకు అదొక వేడుక.

"ఏమప్పా, ఉంగరం పోయిందా?"

"కాదు, ట్యాబ్ మరలు."

"వాటిని ఆవాల్లో ఎందుకేసినావబ్బా?"

మునిచంద్ర అయస్కాంతాన్ని మూటలో ఇంకా లోతుకు దించాడు. మరలు దొరికేసరికి గడియారం నాలుగు దాటింది. తన చేతి దురదకు ఆమె క్లాసు బలైపోయిందని నిజంగానే సిగ్గేసింది. తల వంచుకుని ఇల్లు చేరాడు.

గదిలోంచి కోమలి గొంతు వినిపిస్తోంది. "సూది ఇట్ల నిలువుగా పట్టుకోండమ్మా..." ఎదురుగా ట్యాబ్ వెలుగుతోంది. అందులోంచి పిల్లలు నవ్వుతున్నారు.

క్లాసు అయ్యాక నోరు తెరిచాడు. "ఇదెట్ల పని చేస్తా ఉండాది?"

"తీగలన్నీ యాడివాడే ఉండాయి. రాళ్ళు అతికించే గమ్ పూసి, మూత పెట్టి, ఇస్త్రీపెట్టె బరువు పెట్టినా."

"మరలు లోపల బిగించాల కదా! ఇట్లియ్యి, మళ్ళా విప్పి..."

"ఆ మూత ఇంక రాదండి. ఈ గమ్ ఉతికితే పోదా మేడమ్ అని ఒక పాప అడిగింది. వెనక కెమెరా పెట్టి, ట్యాబ్ వీపును అద్దం వైపు తిప్పి, మూత పట్టుకుని లాగి చూపించినా. ఇంకో నలుగురు చేరినారు!"

మునిచంద్ర గోళ్ళతో ప్రయత్నించాడు, చాకుతో ప్రయత్నించాడు. మూత వెంట్రుకవాసి కదల్లేదు. భార్య ముఖంలో సంతోషం చూసి తనూ నవ్వేశాడు.

మర్నాడు పొద్దున అతని చూపు మిక్సీ మీద పడింది. కోమలి గమ్ ట్యూబు మూత తీసి పక్కన పెట్టుకుంది.