నక్కగారి రాజా ప్యాకేజీ

ఒక పెద్ద అడవిలో జరిగిందిది. నమ్మనివాడెవడైనా ఉంటే ఇప్పుడే లేవండి, ఓసారి ముఖం చూస్తాను! ఆ అడవిని ఒక్క దూకులో దాటినవాణ్ణి నేను. మధ్యలో దాహమేస్తే ఓ చెరువు తాగేశాను కూడా.

అక్కడ సింహం కొలువుగుహ వానలకు చెమ్మ పట్టి గోడలు పెచ్చులూడుతున్నాయి. పక్క అడవి పెద్దపులి చూడ్డానికి వస్తోంది. గుహ దర్జాగా ఉంటే రెండడవుల ఉమ్మడి సభకు సింహమే అధ్యక్షుడు. లేదంటే పదవి పులిది.

కాంట్రాక్టరు నక్క చంకలో రంగుల కార్డు పెట్టుకుని దిగింది.

"ప్రభూ, మామూలు ప్యాకేజీ ఉంది, మేలురకం ఉంది, రాజా ప్యాకేజీ..."

"రాజా!" అంది సింహం.

"ఏమండీ, అందులో ఏమేం వస్తాయో అడగండి" అంది ఆడసింహం.

"నువ్వూరుకోవే! రాజులు అలాంటివి అడుగుతారా?"

"అన్నీ కలిపే అమ్మగారూ!" అని నక్క నడుం వంచింది.

ఇక సభంతా రంగు మీద పడింది. నెమలి నీలమంది, కోతి పసుపంది. కొట్టుకుని కొట్టుకుని గులాబీ దగ్గర ఆగారు. గోడ సంగతి ఎవరికీ పట్టలేదు.

పని మొదలైంది. పైకప్పు అందకపోతే నేనే పనివాళ్లని అరచేతిలో నిలబెట్టి ఎత్తాను.

"పాత రంగు గీకరా? పెచ్చులూడిన చోట లప్పం పెట్టరా? చెమ్మకి మందు?" ఆడసింహం గొంతు చించుకుంది.

"అవి విడిగా చెప్పుకోవాలమ్మా. రాజా అంటే రంగు, పైన మెరుపు. సామాను జరపడం కూడా లేదు. ప్రభువులే కాస్త లేస్తే..."

"గద్దె దిగడమా! నా చుట్టూ వేసుకోండి" అంది సింహం. వేశారు.

పులి వచ్చింది. మర్యాదకి సింహం లేవక తప్పలేదు. వెనక గోడ మీద, రంగు తగలని చోట, జూలుతో సహా సింహమంత నల్లటి బూజు మరక!

"ఇదేమిటి?" అంది పులి.

"వంశచిత్రం ప్రభూ! రాజా ప్యాకేజీలోదే" అంది నక్క, రెప్ప వేయకుండా.

"భేష్! మాకూ ఒకటి కావాలి" అని పులి ముచ్చటపడి పంజాతో తడిమింది. అంచు లేచింది. చెమ్మ మీద వేసిన రంగు కదా, గోడంతా ఒక్క దుప్పటిలా ఊడి పులి నెత్తిన పడింది. చారలన్నీ గులాబీ!

"ఈ గుహలోనా సభ? ఈయనా అధ్యక్షుడు?" పులి గర్జించి పదవి పట్టుకుపోయింది.

సింహం నక్క వైపు తిరిగింది. "ఏమిట్రా ఇది?"

"గ్యారంటీ ప్యాకేజీలో లేదు ప్రభూ."

"నువ్వు బయటికి వెళ్లడం కూడా లేదులే" అని ఆడసింహం గుహ వాకిట్లో బైఠాయించింది. "నీ గోళ్లతోనే గీకు. అన్ని గోడలూ."

నీతి: ప్యాకేజీలో ఏమేం వస్తాయో అడిగి మర్యాద పోగొట్టుకోకండి, పోయేది గోడేగా!

అబద్ధమంటారా? ఆ గుహ చూరులో బల్లి ఉంది, అడగండి. రంగు వేసేటప్పుడు అక్కణ్ణించి జరగనందుకు తోక ఇప్పటికీ గులాబీయే. పేరు కనకరత్నం.