ఒక చుట్టకు నలభై నిమిషాలు

ఆ ఉదయం ఒడాలిస్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదింటికి చుట్టల ఫ్యాక్టరీకి వెళ్లాలి, ఎత్తు కుర్చీలో కూర్చోవాలి, పనివాళ్లకు నవల ఇరవయ్యో అధ్యాయం చదివి వినిపించాలి. పినార్ డెల్ రియో ఊళ్లో పదిహేడేళ్లుగా ఆమె ఉద్యోగం అదే. నూట యాభైమంది పొగాకు చుడుతుంటే ఆమె కథ చదువుతుంది.

ఫ్యాక్టరీ గుమ్మంలోనే నెమెసియా ఆమె చెయ్యి పట్టుకుంది. ముప్పయ్యేళ్లు చుట్టలు చుట్టిన చెయ్యి, ఉడుంపట్టు.

“ఒసే ఒడాలిస్, హవానా నుంచి స్టాప్‌వాచీ ఆయన దిగాడు! చుట్టకెన్ని నిమిషాలో చూసి, రోజుకిన్ని చుట్టాలని లెక్క కడతాట్ట. ఇవాళ చురుగ్గా చుట్టామా, ఆ లెక్క జీవితాంతం మా నెత్తినే! నీకు పుణ్యముంటుంది, నిద్రొచ్చేదేదైనా చదువు.”

“అంతేగా పిన్నీ, చూస్కో!”

ఒడాలిస్ నవల పక్కనపెట్టి, ఎరువుల వాడకం మీద సర్కారువారి కరపత్రం అందుకుంది. పది నిమిషాల్లో చేతులు నెమ్మదించాయి. ఇరవై నిమిషాల్లో వెనక వరసలో ఒకాయన పొగాకు కట్టను దిండు చేసుకున్నాడు. పథకం దివ్యంగా పారుతోందని ఆమె మురిసిపోయింది.

అప్పుడే స్టాప్‌వాచీ ఎవెలియో ఆమె కుర్చీ దగ్గరకొచ్చాడు. బక్కపల్చటి మనిషి, చెవి వెనక పెన్సిలు.

“అమ్మా, రోజుకి మీరెన్ని చుడతారు?”

“నేనా? ఒక్కటీ చుట్టను బాబూ. చదువుతాను.”

“మీరు చదువుతుంటే వాళ్లు నిద్రపోతున్నారు కదండీ!” అంటూ కాగితం మీద రాసుకున్నాడు. ఒడాలిస్ తొంగిచూసింది. ‘కుర్చీ: అనవసరం.’

పదిహేడేళ్ల కుర్చీ! పిన్ని మాట గాలికొదిలి నవల తెరిచింది. ఓడలో వితంతువు, ఆమె గదిలో తాళం వేసిన పెట్టె, అర్ధరాత్రి ఆ పెట్టెలోంచి ఎవరో తలుపు కొట్టినట్టు చప్పుడు.

చేతులకు రెక్కలొచ్చాయి.

“నాలుగు నిమిషాల పది సెకన్లు!” ఎవెలియో ఎగిరి గంతేశాడు.

“ఆపవే తల్లీ, మా కొంప ముంచుతున్నావ్!” నెమెసియా అరిచింది.

“నువ్వెందుకు అంత జోరుగా చుడుతున్నావ్ మరి?”

“నా చేతులు నా మాట వింటేగా! పెట్టెలో ఎవరున్నారో చెప్పు ముందు!”

ముందు నుయ్యి, వెనక గొయ్యి. నిద్రొచ్చేది చదివితే తన కుర్చీ పోతుంది, కథ చదివితే వీళ్ల నడుములు పోతాయి. ఒడాలిస్‌కు ఏడుపొచ్చింది. వితంతువు తాళం తిప్పిన చోట ఆపి కళ్లు తుడుచుకుంది.

నూట యాభై జతల చేతులు గాలిలో నిలిచాయి.

“తర్వాత?” అన్నారెవరో.

ఎవెలియో! పొగాకు మూట మీద చతికిలబడి, నోరు తెరుచుకుని చూస్తున్నాడు. ఆ చూపు చూసి ఆమె మళ్లీ అందుకుంది. భోజనాల గంట కొట్టేదాకా చదివి, పెట్టె మూత సగం లేచాక పుస్తకం మూసేసింది. పనివాళ్లు పొగాకు కోసే కత్తులతో బల్లలు దడదడలాడించారు. అదే వాళ్ల చప్పట్లు.

ఎవెలియో ఉలిక్కిపడి చేతిలో వాచీ చూసుకున్నాడు. దాన్ని నొక్కి ఆపడం మరిచిపోయాడు. చివరి చుట్టకు నలభై నిమిషాలు.

“ఈ లెక్కలేవీ చెల్లవమ్మా. కథనిబట్టి పని మారుతోంది. మొత్తం కథ విని కొలవాల్సిందే.”

“మరి కుర్చీ?”

“కుర్చీ లేకుండా కొలతెట్లా?” అంటూ రాసింది కొట్టేశాడు.

“మరి మా లెక్కో?” అంది నెమెసియా.

“కొలత తేలేదాకా పాతదే.”

నవలకు ఇంకా అరవై అధ్యాయాలున్నాయి. రెండో భాగం కూడా ఉందన్న సంగతి ఒడాలిస్ ఎవరికీ చెప్పలేదు.