ముఠా షెడ్డుకు వెళ్ళిన ఫోన్లు

ఆ శుక్రవారం సిద్దికా కోరుకున్నది చాలా చిన్నది. తొమ్మిదింటికి ఆఫీసు తెరవాలి, టేబుల్ తుడవాలి, సాయంత్రం దాకా ఎవరితోనూ నాలుగు మాటలకు మించి మాట్లాడకుండా గడిపేయాలి. దాంతో మూడు నెలల పరీక్ష పూర్తవుతుంది. ఆమెను పనిలో ఉంచేదీ మానేదీ మర్నాడు తేలుస్తానని యజమాని వెంకటనారాయణ చెప్పాడు. ఉంచకపోతే మళ్ళీ తల్లి పక్కన కూర్చుని మిరపకాయల తొడాలు తీయాలి. ఆ ఘాటుకు సిద్దికాకు తుమ్ములు మొదలయ్యాయంటే చుట్టూ ఉన్న ఆడవాళ్ళు పని ఆపి వాటిని లెక్కపెట్టేవారు.

సత్తెనపల్లి దాటాక రోడ్డు పక్కనే ఉన్న ఆ కోల్డ్ స్టోరేజీని చుట్టుపక్కల అందరూ ఏసీ అంటారు. రైతులు మంచి ధర వచ్చేదాకా మిర్చి బస్తాలు అందులో దాచుకుంటారు. సిద్దికా తండ్రి మాబు సాహెబ్ అక్కడ గేటు దగ్గర కాపలా. "మా పిల్ల నోరు మెదపదు సార్, ఫోన్ పనికి సరిగ్గా సరిపోద్ది" అని చెప్పి ఆయనే కూతురికి ఈ ఉద్యోగం ఇప్పించాడు.

వినడానికి వింతగా ఉన్నా ఆ మాట నిజమే. ఆఫీసు గోడకు ఫోన్లు కలిపే బూడిద రంగు పెట్టె ఒకటి ఉంది. వెంకటనారాయణ పెళ్ళయిన ఏడాది కొన్నది. ఎవరు ఫోన్ చేసినా ముందు సిద్దికా టేబుల్ మీద మోగుతుంది. ఆమె "ఒక్క నిమిషమండి" అని చెప్పి, యజమాని గదికైతే ఒకటి, కాటా దగ్గరికైతే రెండు నొక్కుతుంది. మూడు మాత్రం బస్తాలు మోసే ముఠా కూలీల షెడ్డుది. దాన్ని బయటివాళ్ళకు కలపకూడదు. రైతు తెచ్చిన చీటీ మీద యజమాని సంతకం పడ్డాక, సిద్దికాయే మూడు నొక్కి, ముఠా మేస్త్రీ మరియదాసుకు రైతు పేరు చెప్పాలి. అతను కూలీల చేత ఆ బస్తాలు బయటికి తీయిస్తాడు. ఇన్నేళ్ళుగా షెడ్డులో ఫోన్ మోగిందంటే సంతకం పడిందనే అర్థం. మరియదాసు ఏనాడూ ఎదురు ప్రశ్న వేసిన పాపాన పోలేదు.

ముందు రోజు సాయంత్రం దగ్గర్లో పిడుగు పడింది. తెల్లారేసరికి పెట్టె మీద పచ్చగా వెలగవలసిన దీపం ఎర్రగా వెలుగుతోంది. లోపల ఏం కాలిందో ఏమో, బయటి ఫోన్లన్నీ ఎవరినీ అడగకుండా నేరుగా మూడుకు వెళ్ళిపోవడం మొదలుపెట్టాయి.

సిద్దికాకు తెలిసిందల్లా తన ఫోన్ మోగడం లేదని. తొమ్మిదిన్నర అయింది, పది అయింది. ఒకసారి రిసీవర్ ఎత్తి చెవి దగ్గర పెట్టుకుంది. చప్పుడు లేదు. నిద్రపోతున్న చంటిపిల్లను పడుకోబెట్టినట్టు మెల్లగా యథాస్థానంలో పెట్టేసింది. యజమాని స్థలం పని మీద తుళ్లూరు వెళ్ళాడు. సంతకం పెట్టేవాళ్ళు లేరు కాబట్టి ఆ రోజు బస్తాలు బయటికి తీసే పనీ లేదు. ఈ సంగతి ఎవరికైనా చెబితే బాగుచేసేస్తారన్న భయంతో ఆమె ఎవరికీ చెప్పలేదు.

అక్కడ షెడ్డులో మొదటి ఫోన్ పేరయ్యది. కుంకలగుంట వైపు రైతు. తన అరవై బస్తాలు ఎట్లా ఉన్నాయో కనుక్కోవడానికి ప్రతి శుక్రవారం ఫోన్ చేస్తాడు. వాటిని పలకరించకపోతే ఆయనకు అన్నం సహించదు. రైతు గొంతు వినగానే, ఆయన్ను ఆఫీసులో కూర్చోబెట్టి ఫోన్ చేతికిచ్చారని మరియదాసు అనుకున్నాడు. బస్తాలు ఎట్లా ఉన్నాయని అడుగుతున్నాడంటే కళ్ళతో చూసుకోవాలనే కదా. పేరయ్య బస్తాలు రెండో గదిలో ఉన్నాయి. అరవైనీ ఆవరణలోకి తీయించాడు.

తర్వాత గుంటూరు వ్యాపారి ఒకాయన మంచి రంగున్న సరుకు ఏదైనా ఉందా అని అడిగాడు. మరియదాసు రంగున్న సరుకంతా తీయించాడు. ఆపైన ట్రాక్టరు యజమాని ఒకతను కిరాయి ఏమైనా దొరుకుతుందా అన్నాడు. ఆఫీసువాళ్ళు బళ్ళు కూడా మాట్లాడేశారని మెచ్చుకుని, ఎన్ని ఉంటే అన్నీ తెమ్మన్నాడు మరియదాసు. నాలుగు వచ్చాయి.

రోడ్డు మీద పోయేవాళ్ళకు ఆవరణ నిండా బస్తాలు, గేటు దగ్గర ట్రాక్టర్లు కనిపించాయి. ఏసీ ఖాళీ చేస్తున్నారన్న మాట పదిన్నరకల్లా నాలుగు ఊళ్ళు తిరిగింది. నిజమా అని అడగడానికి రైతులు ఫోన్లు చేశారు. ఆ ఫోన్లన్నీ మరియదాసుకే వెళ్ళాయి. అతను అబద్ధమాడే మనిషి కాదు. తీస్తున్న మాట వాస్తవమేనని అందరికీ చెప్పాడు. దాంతో యాభై మంది రైతులు మోటారు సైకిళ్ళ మీద బయల్దేరారు.

సిద్దికా కిటికీలోంచి బస్తాలను చూసింది. యజమానే మేస్త్రీకి ఏదో చెప్పి వెళ్ళాడనుకుంది. అడగాలంటే మాట్లాడాలి కనుక ఊరుకుంది. చివరికి మాబు సాహెబ్ చెమటలు కక్కుతూ ఆఫీసులోకి వచ్చాడు.

"ఏమ్మా, ఏసీ మూసేస్తన్నారంటగా. గేటు కాసేవాణ్ణి, నాకు ఒక్క మాట చెప్పొద్దా?"

సిద్దికా షెడ్డుకు పరుగెత్తింది. ఎవరు తీయమన్నారని మరియదాసును అడిగింది.

"అదేందమ్మా, పొద్దున్నుంచి పంపిస్తంది నువ్వే గదా. మూడు నెలల్లో ఇంత పని ఎప్పుడూ చెప్పలా. ఈయాల భలే హుషారుగా ఉన్నావనుకున్నా."

తన టేబుల్ మీద మోగని ఫోన్లన్నీ ఎక్కడ మోగాయో ఆమెకు అప్పుడు అర్థమైంది. అంతలో ఫోన్ మోగింది. మరియదాసు రెండు చేతులూ బస్తా మీద ఉన్నాయి. సిద్దికాయే ఎత్తింది. ఎవరో చెబితే తుళ్లూరు నుంచి వెంకటనారాయణ చేస్తున్నాడు. బస్తాలు ఎండలో పడేసింది ఎవరని అరుస్తున్నాడు. ఆమెకు అలవాటైన మాట ఒక్కటే ఉంది. "ఒక్క నిమిషమండి" అంది. నొక్కడానికి బటన్ ఏదీ కనిపించక ఫోన్ పెట్టేసింది. అక్కడ వెంకటనారాయణ కారెక్కాడు.

ఎండ తగ్గి పడమట మబ్బు పట్టింది. పని ఆపించి, తీసినవి తీసినట్టే లోపల పెట్టిస్తే యజమాని వచ్చేలోగా కొంతైనా సర్దుకోవచ్చు. సిద్దికా చున్నీ బిగించి రెండో గదిలోకి వెళ్ళింది. ముందు వరుసలు ఖాళీ అయ్యాయి కాబట్టి మొదటిసారిగా వెనక గోడ కనిపిస్తోంది. చల్లదనం వచ్చే గొట్టం పగిలి గోడ వెంట నీళ్ళు కారుతున్నాయి. గోడ పక్కనున్న నాలుగు బస్తాలు అడుగున నానిపోయి నల్లబడ్డాయి. తడి మిగతా వరుసల వైపు పాకుతోంది.

ఆపించడానికి వెళ్ళిన పిల్ల గది గుమ్మంలోకి వచ్చి, తన జన్మలో ఎన్నడూ లేనంత గట్టిగా అరిచింది.

"బాబాయ్, ఆపొద్దు. ఒక్క బస్తా మిగలకుండా తియ్యండి."

ఆ అరుపుకు, గొడవ పెట్టుకుందామని వచ్చిన రైతులు కూడా లోపలికి వచ్చి చూశారు. చూసినవాళ్ళెవరూ ఆగలేదు. మంచి మిర్చినంతా ఖాళీగా ఉన్న మూడో గదికి మోశారు. మాబు సాహెబ్ గేటు వదిలేసి బస్తాలు పట్టాడు. చినుకులు పడేసరికి ఆవరణలో నాలుగు తడి బస్తాలు తప్ప ఏమీ లేవు.

తిట్టవలసిన తిట్లన్నీ తుళ్లూరు నుంచి వరసగా పేర్చుకుంటూ వచ్చిన వెంకటనారాయణ కారు దిగాడు. రైతులు చుట్టుముట్టారు. ఏసీ మూసేస్తున్నాడా అని అడిగారు. ఆయన నేరుగా రెండో గదిలోకి నడిచాడు. గొట్టాన్ని, గోడను, నేలను చూశాడు. ఇంకో పది రోజులు ఆగితే గది మొత్తం బూజు పట్టేది. బయటికి వచ్చి గొంతు సవరించుకున్నాడు.

"మూసేదెవరయ్యా? గదిలో ఏదో తేడాగా ఉందని నాకే అనుమానం వచ్చి, నేనే తీయమన్నా."

"అందుకే గదా మీ దగ్గర పెట్టేది" అన్నాడు పేరయ్య, కళ్ళు తుడుచుకుంటూ. మరియదాసు మాత్రం తాను పొద్దున్నుంచి విన్న గొంతుల్లో యజమానిది ఏదై ఉంటుందా అని ఆలోచిస్తూ నిలబడ్డాడు.

రైతులు వెళ్ళాక వెంకటనారాయణ సిద్దికాను ఆఫీసులోకి పిలిచి జరిగింది చెప్పమన్నాడు. ఆమె గుక్క తిప్పుకోకుండా అంతా చెప్పేసింది. ఫోన్ మోగడం లేదని పొద్దున్నే ఎందుకు చెప్పలేదని అడిగాడు.

"హాయిగా ఉంది సార్" అంది సిద్దికా, తల వంచుకుని.

తలుపు పక్కన నిలబడ్డ మాబు సాహెబ్ కళ్ళు మూసుకున్నాడు. వెంకటనారాయణ లెక్క వేసుకున్నాడు. తానే తీయించానని యాభై మంది ముందు చెప్పాక, తీసినందుకు ఎవరినీ పనిలోంచి తీసేయడానికి వీల్లేదు. లేచి వెళ్ళి గోడ మీది పెట్టె వైరు పీకేశాడు.

"రేపట్నుంచి ఈ డబ్బా ఉండదు. ఒక్కటే ఫోన్, నీ టేబుల్ మీద ఉంటది. ఎవరు చేసినా, ఏమడిగినా నువ్వే మాట్లాడు. బస్తాలు తీయించాలంటే షెడ్డు దాకా నడిచెళ్ళి చెప్పు. ఉద్యోగం ఖాయం."

మాబు సాహెబ్ ఊపిరి పీల్చుకున్న చప్పుడు అందరికీ వినిపించింది. ఇంటికి పోతూ దారిలో సిద్దికా కూడా తేలిగ్గా నవ్వింది. తొడాల పని తప్పిపోయింది.

మర్నాడు ఒక్క రోజు సెలవు పెడదామా అని కూడా అనిపించింది గానీ, దానికి ఆఫీసుకు ఫోన్ చేయాలి, అక్కడ ఎత్తవలసింది తనే.